నీ పక్షాన పోట్లాడాను

చిరంజీవి తమ్ముడికి, మీ అక్క దీవించి రాయునది. ఇక్కడ నేనూ మీ బావా క్షేమం. కుట్టు మిషను ఒక్కటే కాస్త నలతగా ఉంటే దానికీ నూనె పోశాం. నువ్వు వేళకు తింటున్నావనీ, తినకపోయినా తిన్నానని అబద్ధాలు రాయడం లేదనీ తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మీ బావ మోకాలు ఫరవాలేదు. నిచ్చెన ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు, ఈయన ఎక్కుతూనే ఉన్నాడు. నీ కొత్త ఇంటి కిటికీల కొలతలు మళ్లీ పంపు. నువ్వు పంపినవి చూస్తే అది కిటికీయో అగ్గిపెట్టెయో తేలలేదు. అక్క కర్టెన్లు కుట్టి అమ్ముతుంటే తమ్ముడి ఇంటికి పొట్టి కర్టెన్లు వేలాడితే నలుగురూ నవ్విపోతారు. ఇక ఆఖర్న మెల్లగా అడిగావు చూడు, 'మాట మీదే ఉన్నావా అక్కా' అని, దానికి జవాబు కాస్త పెద్దది. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డు తగులుతావు కాబట్టి రాస్తున్నాను.

అమ్మాయివాళ్లు నెమ్మదస్తులు, చెంచా కింద పడితే చెంచాకి క్షమాపణ చెప్పే రకం, పెళ్లయ్యేదాకా కాస్త నోరు తగ్గించుకో అన్నావు. అలాగేనని మాట ఇచ్చాను. నీకు మాట ఇచ్చి తప్పలేదు కదా ఎప్పుడూ, ఆ రోజు నుంచే మొదలుపెట్టాను. దారాలవాడు మాసిపోయిన సరుకు అంటగడితే నోరెత్తకుండా తెచ్చుకున్నాను. పక్కింటాయన మన గుమ్మానికి అడ్డంగా స్కూటరు పెడితే ఒదిగి ఒదిగి లోపలికొచ్చాను. మీ బావ మొదట సంబరపడ్డాడు. వారం తిరిగేసరికి ఆయనకే దిగులు పట్టుకుంది.

"ఏమే, ఒంట్లో బాగానే ఉందా? పోనీ ఒక్కసారి నన్ను తిట్టు" అన్నాడు.

తిట్టలేకపోయాను. తిట్టడం మానేస్తే మాట్లాడటమూ మానేసినట్టే అవుతుందని నాకూ అప్పుడే తెలిసింది. నీ పెళ్లిలో ఇలాగే మూగదానిలా నిలబడాలంటే నా వల్ల అవుతుందా అన్నదే నా బెంగ.

ఇంతలో మన కొట్టుకి ఒక వింత గిరాకీ తగిలింది. ఈ ఊళ్లో కొందరు పిల్లలు నాటకాలూ పాటలూ హాళ్లలో పెట్టరు, ఎవరూ అనుకోని చోట్ల పెడతారు. ఎక్కడ పెట్టినా వాళ్లకి నల్ల తెరలు కావాలి. అవి కుట్టేది నేను, కట్టేది మీ బావ. నా మౌనం చూడలేక ఆయన ప్రతి ఆదివారం నన్నూ వెంట తిప్పడం మొదలుపెట్టాడు. ఒకసారి లిఫ్టులో నాటకం చూశాం. ఒక విడతకి నలుగురే ప్రేక్షకులు. పైకి వెళ్తూ మొగుడూ పెళ్లాం దెబ్బలాడుకుంటారు, కిందికి దిగుతూ కలిసిపోతారు. మీ బావ కళ్లు తుడుచుకున్నాడు. నా మోచెయ్యి తగిలి ఇంకో అంతస్తు బటను నొక్కుకుపోతే పాపం ఆ జంట ఆగి మరో విడత అలిగారు. ఇంకోసారి నీళ్లు తీసేసిన ఈతకొలనులో పాట కచేరీ. పాడేవాళ్లు లోతున్న వైపు, మేము లోతులేని వైపు. అడుగున పలకల మీద కూర్చుంటే పాట అరికాళ్లలోంచి ఎక్కింది నాయనా. ఆ తర్వాత, పగిలితే ఎవరికి వాళ్లు ఇంట్లో అతికించుకున్న సామాన్లన్నీ తెచ్చి పెట్టిన ప్రదర్శన. ఒక కూజాకి పిడి లోపలివైపు అతికించారు. పడీ పడీ నవ్వాను గానీ ఒక్క మాటా అనలేదు. మీ బావ ఇంటికొచ్చి ఇంకా దిగులుపడ్డాడు.

అప్పుడు వచ్చింది జగడాల సభ. మూతపడ్డ ఫర్నిచర్ దుకాణం ఒకటి అద్దెకు తీసుకుని, మిగిలిపోయిన కుర్చీలూ సోఫాలూ జనానికి వేసి, మధ్యలో ఇద్దరిద్దరిని నిలబెట్టి పోట్లాడిస్తారు. చెయ్యి ఎత్తకూడదు, బూతు రాకూడదు, ఎదుటివాళ్ల రూపం జోలికి పోకూడదు. అంశం చీటీలో వస్తుంది, ఎవరిది ఏ పక్షమో బొమ్మా బొరుసూ వేసి తేలుస్తారు. ఎవరు ముందు 'సరే' అంటే వాళ్లు ఓడినట్టు. తెరలు కట్టడానికని తీసుకెళ్లి, నాతో చెప్పకుండా మీ బావ నా పేరు ఇచ్చేశాడు. నోట్లో నాలుక లేని మనిషి చేసిన పనిరా ఇది.

తమ్ముడికి మాట ఇచ్చాను, కుదరదన్నాను. మాట ఇచ్చింది తగువులాడనని కదా, ఇది ఆట కదా అన్నాడు. అంతసేపు ఆయన నాతో వాదించడం అదే మొదలు. ఆ ముచ్చట కోసమే ఒప్పుకున్నాను.

మొదటి జగడం దుప్పటి ఎవరు లాక్కుంటారన్న దాని మీద. నా ఎదుట ఒక పళ్ల డాక్టరు. పాపం, జనాన్ని నోరు తెరవమనడమే గానీ తాను తెరవడం అలవాటు లేదు, తొందరగానే 'సరే' అన్నాడు. రెండోది కిటికీ తీయాలా మూయాలా అని. కిటికీల సంగతి నా దగ్గరా? నెలల తరబడి దాచిపెట్టిన మాటలు కట్టలు తెంచుకుని వచ్చాయి. జనం చప్పట్లు కొడుతుంటే నా గొంతు నాకే కొత్తగా, ఎంతో బాగా వినిపించింది.

చివరి ఆటకి 'హారన్' వచ్చింది. స్కూలు పిల్లల వ్యాను నడిపే ఆవిడ, ఇంతవరకూ ఓడలేదట, ఆ పేరు అందుకే పెట్టారు. చివరి ఆటకి అంశం రాసేది పోటీకి దిగినవాళ్ల వెంట వచ్చినవాళ్లు. చీటీ విప్పి చదివారు: 'పెంచిన తమ్ముడి పెళ్లింట్లో నోరున్న అక్క ఊరుకోవాలా, అక్కర్లేదా?' నేను మీ బావ వైపు చూశాను. ఆయన తెరల వైపు చూశాడు.

బొరుసు పడింది. అక్కర్లేదన్న పక్షం హారన్‌కి వెళ్లింది. ఊరుకోవాలన్న పక్షం నాకు. అంటే నీ పక్షం.

ఆవిడ మొదలుపెట్టింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారే, ఆ అక్క నోరు పెట్టుకుని అడగకపోతే ఆ పెళ్లికొడుకు ఇంతవాడయ్యేవాడా? ఎక్కిన మెట్టునే తన్నేస్తాడా? నా కడుపులో ఉన్నదంతా ఆవిడ నోట్లోంచి వస్తోంది. చప్పట్లు కొట్టాలనిపించింది. నా వంతు వచ్చింది. అప్పుడు నువ్వే నా ఎదుట నిలబడి అడుగుతున్నట్టు అనుకుని, నువ్వు అనాల్సింది నేను అన్నాను.

"అక్కా, నీ నోరంటే నాకు సిగ్గు కాదు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి నువ్వు ఎవరి ముందో ఒకరి ముందు నిలబడి వాదిస్తూనే ఉన్నావు. బళ్లో సీటు కోసం, ఆస్పత్రిలో మంచం కోసం, అద్దె కట్టలేదని బయటికి విసిరేసిన మన సామాను కోసం. నీ చెయ్యి పట్టుకుని పక్కన నిలబడ్డది నేనే. మాట్లాడేటప్పుడు నీ చెయ్యి వణికేది. ఎవరికీ కనపడేది కాదు, నాకు తెలిసేది. నా పెళ్లినాడు నీ చెయ్యి వణక్కూడదు. ఎవరేమన్నా నేను మాట్లాడతాను. నువ్వు కూర్చో అక్కా."

హారన్ చాలా మెల్లగా "సరే" అంది.

జనమంతా లేచి నిలబడ్డారు. ఎక్కడో ఈల వినిపించింది, చూస్తే మీ బావ! ఇన్నేళ్ల కాపురంలో ఆయనకి ఈల వేయడం వచ్చని నాకు తెలియదు. బహుమతిగా ఆ దుకాణంలోని చేతుల కుర్చీ ఒకటి ఇచ్చారు. హారన్ తన వ్యాను వెనక తలుపులు తీసి కుర్చీ ఎక్కించి, దాని మీద నన్నెక్కించింది. నోరు మూసుకోవాలని ఇంత గట్టిగా అరిచి గెలిచినదాన్ని నిన్నొక్కదాన్నే చూశానంది. మన వీధిలోకి రాగానే పేరు నిలబెట్టుకుంటూ హారను మోగించింది. జనం కిటికీల్లోంచి, నేను కుట్టిన కర్టెన్లు తొలగించి మరీ చూశారు. గుమ్మం ముందు స్కూటరు ఉంది. కుర్చీలోంచి దిగకుండానే తియ్యమన్నాను. పక్కింటాయన తీశాడు.

ఇంతవరకూ గొప్పలు చెప్పుకున్నాను, ఇప్పుడు దాచుకున్నది చెబుతాను. నీ మాట విన్ననాడు, అక్కంటే వీడికి నామోషీ అనుకుని కొళాయి తిప్పుకుని ఏడ్చాను. పెళ్లికి రాకూడదనే నిర్ణయించుకున్నాను. జ్వరమని చెప్పి మీ బావ ఒక్కణ్ణే పంపేదాన్ని. ఆయనకి చెప్పలేదు గానీ కనిపెట్టేసినట్టున్నాడు, ఆ చీటీ అందుకే రాశాడు. సభలో నేనన్న మాటలు నువ్వన్నవి కావు. అవి నీ మనసులో ఉన్నాయో లేక నా ఆశ కొద్దీ నేనే నీ నోట్లో పెట్టానో నాకు తెలియదు. నామోషీయే అయితే నామోషీ అనే రాయి, తట్టుకుంటాను. ఇచ్చిన మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

పెళ్లికి వస్తున్నాను. ముందు వరసలో కూర్చుంటాను. ఎవరైనా నిన్ను ఒక్క మాట అంటే వెంటనే లేవను, నీకు వదిలేస్తాను. పది లెక్కపెట్టేలోగా నువ్వు నోరు విప్పకపోయావో, నేను విప్పుతాను.

ఇట్లు,
పది దాకా లెక్కపెట్టడం నేర్చుకుంటున్న
మీ అక్క