కుడి అరికాలు

మార్చి 3
అరికాల్లో నల్లమచ్చ. రెండేళ్ల కిందట ఆయనే మొదట చూశాడు. ఇంత వయసొచ్చాక నీకు దిష్టిచుక్క ఎవరు పెట్టారే అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం నవ్వుతూ కూర్చున్నాం, అది పెరుగుతూ కూర్చుంది. నేను కుట్టుమిషను తొక్కేది ఆ కాలితోనే.

ఈరోజు బయాప్సీ రిపోర్టు వచ్చింది. మెలనోమా. స్కిన్ క్యాన్సర్.

ఆయన ఓడలో వంటవాడు. రావడానికి ఇంకా మూడు నెలలు.

మార్చి 4
చెప్పలేదు.

మార్చి 9, ఉదయం 11
ఆయన అక్క తోడొచ్చింది. డాక్టరమ్మ కాగితం మీద గుండ్రంగా గీసి చూపించింది. మచ్చ లోతు 1.8 మిల్లీమీటర్లట. లోతును బట్టే జాతకమంతా. మచ్చ ఒక్కటీ తీస్తే చాలదట, చుట్టూ రెండు సెంటీమీటర్లు మంచి చర్మం కూడా మార్జిన్‌గా తీసేయాలట.

నాకు తిక్కరేగింది. ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను, మార్జిన్ అంటే లోపల వదిలేది, కోసి పారేసేది మార్జిన్ ఎలా అవుతుందని అడిగేశాను. మనిషి ఒళ్లు చేస్తుందని మీరు వదులుతారు, జబ్బు ఒళ్లు చేస్తుందని నేను తీస్తాను అంది డాక్టరమ్మ.

గజ్జల్లో లింఫ్ నోడ్ అనే చిన్న గ్రంథి కూడా ఒకటి తీసి చూస్తారట. అక్కడిదాకా పాకకపోతే పదిమందిలో ఎనిమిదిమంది ఐదేళ్లు దాటుతారట. పాకితే వేరే మందులు, వేరే లెక్క. ఆ లెక్కేమిటో వదిన అడగబోతే మోచేత్తో పొడిచాను.

మార్చి 12
ఆయన ఫోన్. గొంతు తెగి తెగి వచ్చింది. ఏం కుడుతున్నావన్నాడు. స్కూలు యూనిఫారాలన్నాను. ఇంకా ఏమైనా చెప్పవే అన్నాడు. ఏమీ చెప్పకుండానే లైన్ కట్టయింది.

ఈ మనిషి ఇప్పుడు కావాలి నాకు. ఏమీ చెయ్యక్కర్లేదు, పక్కన ఊరికే కూర్చుంటే చాలు.

మార్చి 19
ఆపరేషన్ అయింది. తొడ చర్మం తీసి అరికాలికి మాసిక వేశారు. కాలు కింద పెట్టకూడదు. గజ్జల్లో కుట్లు చూసుకున్నాను. పనితనం బాగానే ఉంది. నేనైతే ఇంకాస్త దగ్గరగా వేసేదాన్ని.

మార్చి 26
మార్జిన్ క్లియర్. నోడ్ నెగటివ్.

నెగటివ్ అనగానే వదిన ఘొల్లుమంది. పాకలేదని అర్థమని తెలిశాక, ఆ ముక్క తిన్నగా ఏడవొచ్చుగా అని డాక్టరమ్మ మీద విరుచుకుపడింది.

సాయంత్రం ఆయనకు అంతా చెప్పేశాను. దాచినందుకు తిడతాడనుకున్నాను. నేనే చూశాను కదే, చూసి నవ్వాను కదే అన్నాడు. అదే మాట మళ్లీ మళ్లీ. దగ్గర లేను కాబట్టి ఆయన కళ్లు తుడవలేకపోయాను.

వచ్చే రేవులోనే దిగి వచ్చేస్తాడట.

ఏప్రిల్ 2
డ్రెస్సింగ్ విప్పారు. మాసిక పట్టింది. మూడు నెలలకోసారి చూపించుకోవాలట. ఆ చోట స్పర్శ మాత్రం ఇక ఉండదంది డాక్టరమ్మ.

ఏప్రిల్ 10
వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా నా కాలు ఒళ్లోకి తీసుకున్నాడు. మాసిక మీద బొటనవేలితో మెల్లగా రాస్తూ, తెలుస్తోందా అని అడిగాడు.

తెలుస్తోందన్నాను.