తెడ్లెత్తే చోటు

మరియమ్మక్కా, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటగానే మనవాళ్లు పడవ ఆపి తెడ్లు పైకెత్తుతారే, ఎందుకో నీకైనా తెలుసా? దేవుని దయవల్ల ఎల్బీనగర్‌లో మేం క్షేమం. యొర్దాను దాటినవాళ్లు రాళ్లు నిలబెట్టింది పిల్లలు అడిగితే చెప్పడానికేనని ఆదివారం ప్రసంగంలో గర్జించి, మన తెడ్ల సంగతీ చెప్పాను. పండ్ల బండి సారమ్మ లేచి, "గా తెడ్లెందుకు ఎత్తుతరన్నా? మాకు జెప్పుడేనా, నువ్వెన్నడు అడగలేదా?" అంది. అందరూ నవ్వారు. నేను గబగబా పాట ఎత్తుకున్నాను. మునిగినవాళ్లకు దండమా? పాత పల్లె ఆ నీళ్ల కింద ఉందా? తెలిసినవాడు మన ఊళ్లో సింహాద్రి తాత ఒక్కడే. ఆయనకు ఫోన్లో వినపడదు. పైవారం గొంతు ఆపరేషన్, ఆ తర్వాత మాట ఉండదంటున్నారు. ఎండు మెత్తళ్ల చేపలు పంపావా? బావకు వందనాలు. ప్రభువు మీ వలలు నింపును గాక. కార్డు చదవగానే చెప్పులేసుకో అక్కా, ఈరోజే వెళ్లి తాతను అడుగు!