మా రివాల్వర్‌కు పట్టని తూటా

ల్యాబ్ మేడం గారికి, ఆర్మూర్ నుంచి రంజిత్ తండ్రి దండాలు పెట్టి రాసేది. మీ చెయ్యి సల్లగుండ.

మా గడ్డివాములో ఎవరో దాచిన తూటాలు పోలీసులకు దొరికితే, అవి మా లైసెన్స్ రివాల్వర్ కోసం మావాడే ఇంట్ల సీసం కరిగించి పోసిండని జైల్ల పెట్టిరి. మీరేమో ల్యాబ్‌ల కొలిచి చూసి కోర్టుల, తూటా లావుంది, రివాల్వర్ సిలిండర్ బొక్కలో పట్టదంటిరి.

"ఆకురాయితోని అరగదీస్తే?" అని సర్కారు వకీలు అడిగిండు.

"ఒక్కతీరుగ అరగదు, బ్యారెల్‌లకెల్లి నేరుగ పోదు" అని మీరన్నరు. మీరు జరంత గూడ నవ్వలేదు. నేను నవ్వితే జడ్జి సారు కోపం చేసిండు.

మీ మాట మీద కోర్టు ఇడిసిపెడితే మావాడు మొన్న ఇంటికొచ్చిండు. మూడు నెలలు జైల్ల నోరెత్తనోడు, ఒక్కపూట పసుపు ఉడకబెట్టంగనే నడుం నొస్తుందని సణుగుతుండు. రేపు గూడ పని చెప్తా మేడం. వాని సణుగుడు ఎంత ఇన్నా నాకింక తనివితీరలేదు.