ఒకే చుట్టలోని తాడు

చెల్లాయీ, నేను క్షేమంగానే ఉన్నాను, ముందు ఆ మాట నమ్ము.

ఇక్కడ అడవిలో చెట్లు కొలుస్తున్నాం కదా, నేలంతా తడి. రెండు చెట్ల మధ్య గుడ్డ ఉయ్యాలలు కట్టుకుని పడుకుంటున్నాం. చెట్టుకి చుట్టే వెడల్పాటి పట్టీలు ఆఫీసువాళ్లు ఒక జత తక్కువ పంపారు. కొలత గొలుసు పట్టే పెద్దాయనకి నా నైలాన్ తాడు ఇచ్చాను. "సన్నగా ఉందేంటయ్యా?" అన్నాడు. "ఏనుగునైనా మోస్తుంది, పడుకో బాబాయ్" అని నేనే కట్టాను. కిందికి జారకూడదని బిగలాగి మరీ కట్టాను. అంత బిగిస్తే తాడు మీద బరువు ఇంకా పెరుగుతుందని తెలియలేదు. బెరడుకి ఒరుసుకుని నాలుగో రోజు పుటుక్కున తెగింది. ఆయన నడుము రాతి మీద పడింది. కాళ్లలో స్పర్శ లేదు.

అసలు సంగతి విను. బయల్దేరే ముందు పాపకి ఉయ్యాల వేశానే, అదీ ఆ చుట్టలోని తాడే. ఊపినప్పుడల్లా దూలం అంచుకి ఒరుసుకుంటుంది. కార్డు అందగానే దించెయ్. బావ వచ్చేదాకా ఆగొద్దు. పాపని చాప మీదే పడుకోబెట్టు. అమ్మ మోకాలు ఎలా ఉంది? నా గొడుగు బావని వాడుకోమను.

ఈ కార్డు చేరడానికి పది రోజులంటున్నారు. మేనకోడలికి నా దీవెనలు. పాప బాగా ఒళ్లు చేస్తోందని నువ్వు రాస్తే మొన్న అందరికీ చదివి వినిపించాను. ఇప్పుడు ఆ ముక్క చూడాలంటేనే భయమేస్తోంది.

అన్నయ్య