రొయ్య ముట్టుకోనివాళ్ళం

సుగుణక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ కబురు నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నువ్వు పోయిన కొన్నాళ్ళకే విదేశాల్లో మన రొయ్యల మీద సుంకం పెంచారు. ఆర్డర్లు ఆగిపోయి, కైకలూరులో మన రొయ్యల ఫ్యాక్టరీ మూసేశారు. పని పోయినవాళ్ళకు ప్రభుత్వంవాళ్ళు కొన్ని నెలల భృతి, కొత్త పనిలో శిక్షణ ఇస్తామన్నారు. తీరా చూస్తే జాబితాలో రొయ్యలు ఒలిచేవాళ్ళే ఉన్నారు. ఏప్రాన్లు ఉతికే మన లాండ్రీవాళ్ళ పేర్లు లేవు.

ఏలూరు కలెక్టరాఫీసుకి వెళ్ళి అడిగాను. "మీరు రొయ్య ముట్టుకోలేదు కదమ్మా?" అన్నారు ఆఫీసరు గారు.

"ముట్టుకోలేదండీ. కానీ మేం ఉతికిన ఏప్రాన్ వేసుకోందే ఈ ఒలిచేవాళ్ళని లోపలికే రానిచ్చేవారు కాదండీ," అన్నాను.

నాతో వచ్చిన ఒలుపు ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. "నిజవేనండీ, వాళ్ళనీ రాసుకోండి!" అన్నారు.

పోయిన నెల కొత్త జాబితా వచ్చింది. లాండ్రీ, క్యాంటీన్, వ్యాన్ డ్రైవర్లు, అందరం ఉన్నాం! ఆ శిక్షణలో నేను ఆటో నడపడం నేర్చుకుంటున్నాను. ఈ ఉదయం చర్చి మైదానంలో మూడు చుట్లు తిప్పాను. వెనక కూర్చున్న నీ కూతురు "పిన్నీ, బ్రేకెయ్యి!" అని అరుస్తూనే పగలబడి నవ్వింది. అచ్చం నీ నవ్వే.

నీ రూతమ్మ