గోడ దగ్గరి వైరు

14 నవంబర్ 2007, బుధవారం

బెంగలన్నీ నాతో చెప్పకు, ఇందులో రాసుకో అని నా కూతురు క్రిస్టినా ఈ డైరీ ఇచ్చింది. ఇన్నాళ్ళూ రాయలేదు. ఈరోజు రాయకపోతే కుదిరేలా లేదు.

క్రిస్టినా టీచరు. స్కూల్లో పిల్లల పండగ చేసి సాయంత్రం ఇంటికొచ్చేసరికి కంప్యూటర్లో అక్షరాలన్నీ గడులైపోయి ఉన్నాయి. నలభై రెండు పేజీలు. కొండ మీది పైవలసలో ఉండే గాసి చెప్పిన కువి భాష కథలు. రెండేళ్ళుగా అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని తెలుగు అక్షరాల్లో ఎక్కించింది. ఒకటో తరగతి పిల్లలకి వాళ్ళ భాషలో పుస్తకం ఉంటే బడికి భయపడరని దాని ఆశ.

పొద్దున కంప్యూటర్ ఆన్‌లో ఉండగానే నేను దుమ్ము తుడిచాను. తడిగుడ్డతో. ఆ మాట చెప్పలేదు.

15 నవంబర్

చెప్పేశాను. తడిగుడ్డ వల్ల కాదమ్మా అంది. నా మనసు కుదుటపడాలని అలా అందేమో.

17 నవంబర్, శనివారం

అరకులో కంప్యూటర్ షాపు నడిపే టైటస్ వచ్చాడు. ఇద్దరు పిల్లల తండ్రి, పొట్ట బల్లకి తగులుతుంటే వెనక్కి వాలి కూర్చున్నాడు.

తడిగుడ్డ వల్ల కాదట. కంప్యూటర్ తయారుచేసినవాళ్ళు మనం అడగకపోయినా ఫోన్ వైరులోంచి కొత్త సరుకు పంపుతారట. అప్‌డేట్ అంటారు. అది దిగాక కంప్యూటర్ తనంతట తనే ఆగి మళ్ళీ లేస్తుంది. రీస్టార్ట్. ఆ సరుకుకీ మన తెలుగు టైపింగ్‌కీ పడటం లేదు.

మనల్ని అడక్కుండా మనింట్లోకి రావడమేమిటి అన్నాను. నీ మంచికే మామ్మా, దొంగలు దూరకుండా తాళాలు మారుస్తన్నారు అన్నాడు. మా ఇంటి తాళం మాకే తెరుచుకోలేదు కదా నాయనా అన్నాను. పగలబడి నవ్వాడు. మామ్మా, నువ్వు నా షాపుకొచ్చి కూకో, కస్టమర్లకి నువ్వే సమాధానం సెప్పు అన్నాడు.

వచ్చినదాన్ని తీసేశాడు. అక్షరాలు తిరిగొచ్చాయి. క్రిస్టినా ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. ఇక రాకుండా ఆఫ్ చేశాడు. మరి దొంగలొస్తే అని అడిగాను. వస్తే వస్తారు అన్నాడు టీ తాగుతూ. ఎందుకన్నాడో ఆ మాట.

పుస్తకం వేయాలంటే డిసెంబర్ పదిహేడుకి పాడేరు ఆఫీసులో ప్రింటు ఇవ్వాలి. అప్పటిదాకా తప్పులు దిద్దుతానంది. దాటితే ఇంకో ఏడాది ఆగాలి.

20 నవంబర్

కంప్యూటర్ మూలన, గడియారం పక్కన, ఎర్రటి డాలు బొమ్మ వచ్చింది. క్రిస్టినాని అడిగాను. ఆఫ్ చేశాం కదా, అందుకే అలా ఉంటుంది, దాని జోలికి వెళ్ళకు అంది. ఎన్నాళ్ళుంటుంది అన్నాను. ఎప్పుడూ ఉంటుంది అంది.

ఎరుపంటే రైలు కూడా ఆగుతుంది. మేమేమో అన్నం తింటున్నాం.

26 నవంబర్

ఎర్రగానే ఉంది.

29 నవంబర్, గురువారం

గాసి భార్య చిట్టెమ్మని కాన్పుకి విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. బిడ్డ అడ్డం తిరిగిందట. తోడు వాళ్ళమ్మ వెళ్ళింది. గాసి పైన పొలంలో కోత వదల్లేక ఉండిపోయాడు. మా ఇంటి నంబరే ఇచ్చాడు. పైవలసకీ మా వీధికీ కలిపి ఫోన్ మాకొక్కరికే. ఎవరికి వచ్చినా నేనే పరిగెత్తి చెప్పాలి. ఎప్పుడూ ఆ పనే కదా, అయినా ఈసారి బెంగగా ఉంది.

క్రిస్టినా స్కూల్లో ఉంది. ఆ ఎర్రదాన్ని నొక్కాను. ఏమంటుందో చూద్దామనే. పెద్ద బటన్ ఒకటి వచ్చింది. అదీ నొక్కాను. ఎరుపు పోయింది.

ఎన్నాళ్ళకో గంజి రుచిగా తాగాను.

5 డిసెంబర్

పొద్దున్నే ఫోన్. ఆడపిల్ల. ఆపరేషన్ చేశారట. తల్లీ బిడ్డా క్షేమం. కొండ గట్టెక్కి గాసికి చెప్పేసరికి నాకు ఊపిరాడలేదు. గాసి నాకు నీళ్ళిచ్చి, బిడ్డని నువ్వే కన్నట్టు రొప్పుతన్నావు పెద్దమ్మా అన్నాడు.

వారంలో పంపేస్తారు. రైలెక్కే ముందు చిట్టెమ్మ ఇక్కడికి ఫోన్ చేస్తుంది. నేను చెప్పగానే మా వీధి సోములు జీపు స్టేషన్‌కి వెళ్ళి గట్టు కిందికి తీసుకొస్తుంది. అక్కడి నుంచి నలుగురు డోలీలో మోస్తారు. కుట్లున్న మనిషి నడవకూడదు. గాసి ఇప్పటికే డోలీ కట్టి ఉంచాడు.

12 డిసెంబర్, బుధవారం, పది గంటలు

క్రిస్టినా మీటింగ్‌కని పాడేరు వెళ్ళింది. రేపు సాయంత్రం వస్తుంది. వచ్చాక ప్రింటు తీస్తుంది.

ఎర్రది మళ్ళీ వచ్చిందేమో చూసి ఆపేద్దామని కంప్యూటర్ ఆన్ చేశాను. కాసేపటికి పెట్టె లాంటిది వచ్చింది. అందులో నిమిషాలు తగ్గుతున్నాయి. నాలుగు. మూడు.

టైటస్‌కి ఫోన్ చేశాను. చింతపల్లిలో ఏదో పెళ్ళిలో ఉన్నాడు, వెనక బ్యాండు. రెండు బటన్లుంటాయి, పొడుగు మాట ఉన్నది నొక్కు మామ్మా బేగి, అది లేటర్, తర్వాత అని అర్థం అని అరిచాడు. నొక్కాను. పోయింది. పది నిమిషాలకోసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా నొక్కు, రీస్టార్ట్ అయిందంటే అక్షరాలు మళ్ళీ గడులే అన్నాడు. ఆపేస్తే? ఆపేసినా అంతే. ఎవులు ఆన్ చేశారు ఆ అప్‌డేట్ అని అడిగాడు.

తెలియదన్నాను.

అదే రోజు, పదకొండున్నర

తొమ్మిదోసారి నొక్కాను. మోడెమ్ మీద దీపం మిణుకు మిణుకుమంటోంది. ఇంకా దిగుతోందేమో. వెనక రెండు వైర్లున్నాయి, రెండూ ఒకేలా. ఒకటి పీకాను. దీపం ఆరలేదు. దేన్ని పీకానో తెలియక మళ్ళీ పెట్టేశాను. గోడలోంచి వచ్చే వైరు ఒకటే ఉంది. దాన్ని పీకాను. ఇక ఎవరూ రాలేరు.

నిమిషాల పెట్టె మాత్రం వస్తూనే ఉంది.

సాయంత్రం

గాసి వచ్చి ఫోనొచ్చిందేటి పెద్దమ్మా అన్నాడు. రాలేదన్నాను. నా చేతి కింద మౌస్ ఉంది. ఏటి సేత్తన్నావు అన్నాడు. నీ కథలకి కాపలా కాస్తున్నానన్నాను. నా కతలెక్కడికీ పోవు, నాకన్నీ నోటికొచ్చు కదా అని నవ్వి వెళ్ళాడు.

13 డిసెంబర్, గురువారం, తెల్లవారింది

కుర్చీలోనే ఉన్నాను. నడుము నాది కాదు. పది నిమిషాలకి తొమ్మిది నిద్రపోయి పదో నిమిషానికి లేవడం అలవాటైంది. కరెంటు పోతే? పోలేదు, దేవుడి దయ.

గాసి మళ్ళీ వచ్చాడు. రాలేదన్నాను.

మధ్యాహ్నం

మళ్ళీ వచ్చాడు. రాలేదు గాసీ, వస్తే నేను పరిగెత్తుకు రానా అన్నాను. విసుక్కున్నాను కూడా.

14 డిసెంబర్, శుక్రవారం

నిన్న సాయంత్రం చలి మొదలయ్యాక, చిట్టెమ్మ నడిచి వచ్చింది. స్టేషన్ నుంచి. పొత్తిళ్ళలో బిడ్డ, వెనక తట్ట మోస్తూ ముసలితల్లి. మధ్యాహ్నం రైలు దిగారట. జీపు లేదు. చీకటి పడితే బిడ్డకి చలి అని బయలుదేరారట. మా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. చీర ముందు భాగం తడిగా ఉంది. కుట్ల దగ్గర నెత్తురు.

మూడుసార్లు కొట్టినాను పెద్దమ్మా, నిన్న ఒకపాలి, పొద్దున రెండుపాల్లు, మోగింది మోగింది, ఎవులూ ఎత్తనేదు అంది. నీకేటైనా అయిందేమోనని భయపడ్డాను అంది.

నాకు.

అప్పుడు చూశాను గోడవైపు. వైరు కింద వేలాడుతోంది. ఫోనుకీ అదే వైరు.

బిడ్డ కాళ్ళు మంచులా ఉన్నాయి. కుంపటి దగ్గర పెట్టి నా పొట్టకి హత్తుకున్నాను. బిడ్డ ఏడవలేదు, అదే భయం. చాలాసేపటికి ఏడ్చింది. ఆ లోపల పెట్టె ఎన్నిసార్లు వచ్చిందో, ఎవరు నొక్కారో తెలియదు. నేను చూడలేదు. క్రిస్టినా వచ్చింది. నర్సమ్మని తీసుకొచ్చింది, గాసికి కబురు పంపింది. కట్టు కట్టారు. నలుగురూ డోలీ తెచ్చి మా గుమ్మంలోంచి మోసుకెళ్ళారు. గాసి నావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

వాళ్ళు వెళ్ళాక అన్నీ చెప్పాను క్రిస్టినాకి. ఎర్ర డాలు, పెద్ద బటన్, టైటస్‌కి చెప్పిన అబద్ధం, వైరు. కంప్యూటర్ అప్పటికే రీస్టార్ట్ అయింది. గడులు. క్రిస్టినా గడులకేసి కాదు, నాకేసి చూసింది. గడులైతే టైటస్ వచ్చి తీసేవాడు కదమ్మా, పోయినసారి తీశాడు కదా అంది.

అవును. తీశాడు. నేనే పక్కన నిలబడి చూశాను.

15 డిసెంబర్, శనివారం

టైటస్ వచ్చాడు. అరగంట పట్టింది. అక్షరాలొచ్చాయి. మళ్ళీ ఆఫ్ చేశాడు. ప్రింటు తీశారు. నలభై రెండు పేజీలూ వేడివేడిగా వచ్చాయి. నేను ముట్టుకోలేదు.

గట్టెక్కాను. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. చిట్టెమ్మకి జ్వరం లేదు. బిడ్డ పాలు తాగుతోంది. గాసి వాకిట్లో నార పేనుతున్నాడు. ఫోన్ రాలేదని నేనన్నప్పుడల్లా వైరు నేనే పీకి ఉంచాను గాసీ అని చెప్పాను. చేతిలో పోగు చివరిదాకా పేనాడు. తర్వాత, ఏ వైరు అన్నాడు.

నాతో కిందికి దిగాడు. ఇంట్లోకొచ్చి గోడ దగ్గర కూర్చున్నాడు. చూపించాను. చేతిలోని అడ్డతీగ నార ముక్క ఆ వైరుకి చుట్టి మూడు ముళ్ళు వేశాడు, డోలీకి వేసినట్టే. ఇది మాది పెద్దమ్మా, మిగతావి నీ ఇష్టం అన్నాడు. వెళ్ళేటప్పుడు ప్రింటు కాగితాలు తిరగేసి, చదవడం రాదు కదా, బరువు చూసి పెట్టేశాడు.

17 డిసెంబర్

క్రిస్టినా పాడేరులో ప్రింటు ఇచ్చేసి వచ్చింది.

24 డిసెంబర్, సోమవారం

ఎర్ర డాలు ఉంది. నార ముడి ఉంది. ఫోన్ ఎత్తి విన్నాను. పలుకుతోంది. ఇంకోసారి ఎత్తి విన్నాను.