మూల మంచం దాకా సిగ్నల్

అక్కా,

ఉధ్నాలో నువ్వు చివరిసారి పడుకున్న క్వారంటైన్ హాలు ఈ ఏడు మళ్లీ నిండింది. ఈ రోజు పీపీఈ కిట్టు తొడుక్కుని వెళ్లి అక్కడ మెష్ వైఫై పెట్టి వచ్చాను. నాలుగే రౌటర్ డబ్బాలు. గేటు దగ్గరి డబ్బాకి ఒక్కదానికే కేబుల్ కలిపాను. మిగతావి ఒకదాన్నుంచి ఒకటి సిగ్నల్ అందుకుంటాయి. అన్నిటినీ నా లాప్‌టాప్‌లో ఒకే చోటి నుంచి నడపొచ్చు. నాలుగోది నీ మూల మంచం పైన బిగించాను. ఒక్క పూటలో అయిపోయింది. కష్టమైన పనైతే బాగుండేదనిపించింది.

ఎందుకంటే ఆ డబ్బాలు కొత్తవి కావు. నిరుడు లాక్‌డౌన్‌లో మూసేసిన మా ఆఫీసు సీలింగుకి ఊరికే వేలాడినవే. తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఇప్పుడు అడిగితే ఒక్క మాటకే ఇచ్చారు. నిరుడు నేను అడగలేదు. మేనేజర్ ఇంట్లో నెట్ స్లో అంటే మాత్రం పాస్ తీసుకుని పరుగెత్తాను. ఆ సాయంత్రమే నువ్వు వీడియో కాల్‌లో "తమ్మీ, ఇనవడ్తున్నదా?" అంటూ బొమ్మలా ఆగిపోయావు.

"ఆడ సిగ్నల్ లేదక్కా, రేపు మాట్లాడ్త" అని పెట్టేశాను. తెల్లారేసరికి నువ్వు లేవు.

ఇప్పుడు నీ మంచం మీద మగ్గాల కార్ఖానాలో పనిచేసే ఒకామె ఉంది. నేను నిచ్చెన దిగుతుంటే కూతురికి వీడియో కాల్ చేసింది.

"బిడ్డా, ఇనవడ్తున్నదా?"

"ఇనవడ్తున్నదమ్మా! జర మాస్క్ తియ్, నీ మొఖం చూస్త."

ఆమె నావైపు తిరిగి, "సల్లగుండు తమ్మీ" అంది.

నేను తలెత్తలేదు. నిచ్చెన మడుస్తూ ఉండిపోయాను.